వేగాస్ టేబుల్ ఆటలు: మామగారి ముందు పరువు పోకుండా ఎలా ఆడాలి?

డాలస్ అల్లుడు

నమస్కారమండీ. థాంక్స్‌గివింగ్ సెలవులకి లాస్ వేగాస్‌లో మూడు రాత్రులు బుక్ చేశాం. పెద్ద క్యాసినోలుండే స్ట్రిప్ అనే రోడ్డు మీదే రిసార్టు. నేను, మా ఆవిడ, ఇండియా నుంచి వచ్చిన అత్తమామలు. మా మామగారిది భీమవరం దగ్గర పల్లెటూరు. రమ్మీలో చెయ్యి తిరిగిన మనిషి. ఎదుటివాడు పారేసిన ముక్కలు చూసి వాడి చేతిలో ఏముందో చెప్పేస్తారు. "అమెరికా పేకాట ఓసారి చూపించవయ్యా అల్లుడూ" అని దిగిన రోజు నుంచీ అడుగుతున్నారు.

సమస్యల్లా నాతోనే. ఈ దేశం వచ్చి పదకొండేళ్లయింది, స్లాట్ మెషీన్‌లో ఇరవై డాలర్లు పోగొట్టుకోవడం తప్ప టేబుల్ దగ్గర కూర్చున్న పాపాన పోలేదు. పోయినసారి ఒక టేబుల్ వెనకాల పది నిమిషాలు నిలబడ్డాను. ఒకడు గుడ్డ మీద వేలితో కొడతాడు, ఇంకొకడు అరచెయ్యి ఊపుతాడు, ఎవడూ నోరు విప్పడు. భయమేసి బఫేకి వెళ్లిపోయాను.

నాకు వచ్చినవి రమ్మీ, మూడు ముక్కలాట. ఇద్దరికీ కలిపి మూడు రాత్రులకి 600 డాలర్లు పక్కన పెట్టాం. పోతే పోయాయనుకునే డబ్బే. ఏ ఆటలో కూర్చోవాలి, అసలు ఎలా కూర్చోవాలి, ఎక్కడ నవ్వులపాలవుతాం? తెలిసినవాళ్లు చెప్పండి.

హెండర్సన్ నైట్‌షిఫ్ట్

నేను స్ట్రిప్‌కి పావుగంట దూరంలో ఉంటానండీ. ఫార్మసీలో రాత్రి డ్యూటీ. మనకి ఎంతమంది చుట్టాలున్నారో వేగాస్‌లో ఇల్లు కొనేదాకా తెలీదు. తొమ్మిదేళ్లుగా వాళ్లందరినీ వెంటేసుకుని టేబుళ్ల చుట్టూ తిరిగిన అనుభవంతో చెబుతున్నాను.

మన పదమూడు ముక్కల రమ్మీ టేబుల్ నేనిక్కడ ఎక్కడా చూడలేదు. ఆ సంగతి మామగారికి విమానం ఎక్కకముందే చెప్పేయండి. ముక్కలు గుర్తుపెట్టుకునే విద్య కూడా పెద్దగా పనికిరాదు. కొన్ని టేబుళ్ల మీద ఆడేసిన ముక్కల్ని అప్పటికప్పుడే మళ్లీ కలిపేసే మెషీన్ ఉంటుంది.

చాలామంది ఆట పేరు చూసి కూర్చుంటారు. ఆట పేరు కాదు, టేబుల్ మీద పరిచిన గుడ్డ చదవాలి. బ్లాక్‌జాక్ టేబుల్ అయితే గుడ్డ మీద "బ్లాక్‌జాక్‌కి 3:2" అని గానీ "6:5" అని గానీ అచ్చేసి ఉంటుంది. ఆసు, దాని పక్కన పదో బొమ్మో పడితే దాన్నే బ్లాక్‌జాక్ అంటారు. 15 డాలర్లు కాసినప్పుడు అది పడితే మొదటి టేబుల్ వాడు 22.50 ఇస్తాడు, రెండో టేబుల్ వాడు 18 ఇస్తాడు. సగటున 21 ఆటలకి ఒకసారి పడుతుంది. గంటకి అరవై ఆటలు నడిచాయనుకోండి, మూడుసార్లు. అంటే గంటకి పదమూడున్నర డాలర్లు ఆ చిన్న అచ్చు చదవనందుకే పోతాయి. మిగతా ఆటంతా ఒకేలా ఉంటుంది కాబట్టి పోయినట్టు కూడా తెలీదు. స్ట్రిప్ మీద తక్కువ పందెం టేబుళ్లలో 6:5వే ఎక్కువ. 3:2 దొరక్కపోతే కాసేపు ఆడి లేవండి.

ఇక కూర్చోవడం. ఒక ఆట పూర్తయ్యాక ఖాళీ కుర్చీలో కూర్చోండి. వంద నోటు డీలర్ చేతికివ్వకండి. నేను మొదటిసారి చేసింది అదే. ఆవిడ రెండు చేతులూ వెనక్కి లాగేసుకుంది, నేనేదో తప్పుడు పని చేసినట్టు! చేతి నుంచి చేతికి తీసుకోకూడదని వాళ్ల రూలు. నోటు గుడ్డ మీద పెడితే, కెమెరాకి కనబడేలా పరిచి, అరిచి సూపర్‌వైజర్‌కి చెప్పి, చిప్స్ లెక్కపెట్టి మీవైపు తోస్తారు. ఆ సైగలూ కెమెరా కోసమే. ఇంకో ముక్క కావాలంటే వేలితో గుడ్డ మీద తట్టాలి, చాలంటే అరచెయ్యి అడ్డంగా ఊపాలి. నోటితో చెబితే లెక్కలోకి రాదు. తల ఊపితే అసలే రాదు, మనవాళ్ల తల ఊపుడు అవునో కాదో మనకే తెలీదు కదా. ముక్కలు బోర్లించకుండా పంచే టేబుల్ అయితే వాటిని ముట్టుకోకూడదు. ఒకసారి పందెం పెట్టాక ఆ చిప్స్‌నీ తాకకూడదు.

ఆట సంగతి రెండు ముక్కల్లో. మొత్తం 21 దాటకుండా డీలర్ కంటే ఎక్కువ తెచ్చుకోవాలి. బొమ్మలన్నీ పది, ఆసు ఒకటి లేదా పదకొండు. డీలర్ ముక్క ఒకటి కనబడుతుంది. అది ఏడు గానీ ఆపైన గానీ అయితే మీకు 17 వచ్చేదాకా తీసుకోండి. రెండు నుంచి ఆరు దాకా అయితే 12కే ఆగిపోండి, 21 దాటి మునిగేది డీలర్ కావచ్చు. డీలర్‌కి రెండో మూడో ఉండి మీకు 12 ఉంటే మాత్రం ఒకటి తీసుకోవాలి. ఆసుల జత, ఎనిమిదుల జత పడితే విడగొట్టి రెండు చేతులుగా ఆడండి. పదుల జతని విడగొట్టకండి. డీలర్‌కి ఆసు పడినప్పుడు "ఇన్సూరెన్స్ కావాలా" అంటారు, వద్దనండి. అన్నీ గుర్తుండవని బెంగొద్దు. ఏ చేతికి ఏం చెయ్యాలో అచ్చేసిన కార్డు గిఫ్ట్ షాపులో దొరుకుతుంది, టేబుల్ మీద పెట్టుకుని చూస్తూ ఆడినా సాధారణంగా ఎవరూ కాదనరు. ఫోన్ మాత్రం తియ్యకూడదు.

మామగారికి కష్టమయ్యేది 16. ఏడూ తొమ్మిదీ పడ్డాయి, డీలర్‌కి రాజు. తీస్తే మునుగుతామని భయం, ఆగితే ఓడతామని భయం. తియ్యాలి. మా బాబాయి అక్కడ ఆగిపోయేవాడు, "చేతులారా మునగడం దేనికిరా" అని. లెక్క ప్రకారం రెండూ నష్టమే, తీస్తే కాస్త తక్కువ నష్టం.

రౌలెట్ దగ్గర చదవాల్సింది చక్రం. ఆకుపచ్చ గడులు, అంటే సున్నాలు, ఎన్నున్నాయో చూడండి. ఒక్క సున్నా అయితే ప్రతి వంద డాలర్ల పందేనికి సగటున ఇంటివాడికి, అంటే క్యాసినోకి, 2.70 మిగులుతుంది. రెండు సున్నాలైతే 5.26. ఇప్పుడు మూడు సున్నాల చక్రాలూ పెట్టారు, వాటిలో 7.69. అంకె మీద కాస్తే మూడింట్లోనూ ఇచ్చేది 35 రెట్లే. పక్కన బోర్డులో పాత అంకెలు వెలుగుతుంటాయి, చక్రానికి వాటితో ఏ సంబంధమూ లేదు. పదిసార్లు ఎరుపు పడింది కాబట్టి ఇక నలుపే అని మా పెదనాన్న నాతో అరగంట వాదించారు. ఆయనదే ఇంకో కథ. రౌలెట్‌లో ఒక్కొక్కరికీ ఒక్కో రంగు చిప్స్ ఇస్తారు, వాటి మీద విలువ రాసి ఉండదు. ఈయన పద్నాలుగు ఊదా రంగు చిప్స్ జేబులో వేసుకుని వచ్చేసి, మర్నాడు కౌంటర్లో పెట్టారు. వాళ్లు తీసుకోలేదు, టేబుల్ దగ్గరికే పొమ్మన్నారు. లేచేముందే అక్కడే మామూలు చిప్స్‌గా మార్చుకోవాలి.

మామగారికి నా ఓటు బకరాకి. పేరు విని నవ్వకండి, హైదరాబాదులో ఆ మాటకి అర్థం వేరైనా పలకడం అలాగే. ప్లేయర్, బ్యాంకర్ అని రెండు పక్షాలు, ఏ పక్షానికి తొమ్మిదికి దగ్గరగా వస్తుందో కాయడం. మన లోపలా బయటా ఆడినవాళ్లకి కొత్తేం కాదు. మీరు ముక్కల గురించి ఏమీ తేల్చుకోనక్కర్లేదు, మూడో ముక్క ఎప్పుడు తియ్యాలో రూలు ప్రకారం డీలరే చూసుకుంటాడు. బ్యాంకర్ మీద గెలిస్తే మామూలుగా 5 శాతం కమిషన్ కోస్తారు. అది పోగా కూడా ఇంటివాడి వాటా 1.06 శాతమే. "టై" అని ఊరించే గడి ఉంటుంది, 8 రెట్లు ఇస్తామంటారు. అందులో ఇంటివాడికి 14 శాతం పైనే. అటు చెయ్యి పోనివ్వకండి.

మీకు మూడు ముక్కలాట వచ్చు కాబట్టి త్రీ కార్డ్ పోకర్ చూడొచ్చు. పెద్దా చిన్నా వరస దాదాపు మనదే: రంగు సీక్వెన్స్, మూడూ ఒకటే, సీక్వెన్స్, రంగు, జత. మూడు తేడాలు. మనకి అన్నిటికంటే పెద్దది మూడూ ఒకటే, ఇక్కడ రంగు సీక్వెన్స్. ఆసు-రెండు-మూడు మనకి రెండో పెద్ద సీక్వెన్స్, ఇక్కడ అన్నిటికంటే చిన్నది. పైగా ఆడేది డీలర్‌తో, కాబట్టి బ్లైండ్ వేసి బెదిరించడం కుదరదు. రాణి-ఆరు-నాలుగు, అంతకంటే మంచి చెయ్యి అయితే ఆడండి, లేకపోతే పారేయండి.

క్రాప్స్ అనే పాచికల ఆట మొదటి ట్రిప్పులో వద్దు. ఇంటివాడి వాటా తక్కువే, పాస్ లైన్ అనే పందెం మీద 1.41 శాతం. కానీ ఆ గుడ్డ మీద రాత కరెంటు బిల్లులా ఉంటుంది, పైగా చుట్టూ అరుపులు. పక్కన నిలబడి చూడండి, సరదాగా ఉంటుంది.

పండగ వారం కదా, రాత్రిపూట కనీస పందెం 25 దాకా ఎక్కించేస్తారు. పొద్దున తొమ్మిదికి వెళ్లండి, టేబుళ్లు ఖాళీ, డీలర్లకి ఓపికా ఉంటుంది. "కొత్తవాణ్ణి" అంటే చక్కగా నేర్పిస్తారు.

కూకట్‌పల్లి కుర్రాడు

అన్నా, మామగారు ఇండియా వెళ్లాక గోవా తీసుకెళ్లండి, అక్కడ లోపలా బయటా టేబులే ఉంటుంది, బోర్డు మీద అందర్ బాహర్ అని రాస్తారు. ముక్కలతో, డీలర్‌తో నడిచే టేబుళ్లు పణజిలో మాండవి నది మీద ఉన్న ఓడల్లోనే. ఒడ్డున హోటళ్లలో చట్టం ప్రకారం మెషీన్లే. టికెట్‌లో భోజనం, కొన్ని చిప్స్ కలిపి ఇస్తారు. కానీ ఆ చిప్స్ చాలావరకు ఒక్కసారి ఆడటానికే, నేరుగా డబ్బుగా మార్చరు. నేను తెలీక వాటిని దాచుకుని చివర్లో కౌంటర్‌కి వెళ్లాను.

ఒక చిన్న విషయం. అందర్ బాహర్‌లో మొదటి ముక్క ఏ వైపు పడుతుందో ఆ వైపు గెలిచే అవకాశం కొంచెం ఎక్కువ, వందకి 51.5. అందుకే ఆ వైపు గెలిస్తే కొంచెం తగ్గించి ఇస్తారు. ఊళ్లో మనకెవడూ తగ్గించలేదు!

శాన్ హోజే సీత

పెద్దవాళ్లతో వెళ్తున్నారు కాబట్టి నా వైపు నుంచి. పాస్‌పోర్టులు గదిలో లాకర్లో పెట్టెయ్యకండి. 21 నిండాలన్నది రూలు, అరవై ఏళ్లాయన్ని వయసు అడగరనుకున్నాం గానీ పెద్ద మొత్తం మార్చుకునేటప్పుడు గుర్తింపు అడిగారు. క్యాసినోలో ఏటీఎం వాడకండి, చార్జీ చూస్తే కళ్లు తిరుగుతాయి. క్రెడిట్ కార్డు మీద అస్సలు తియ్యకండి, దాన్ని క్యాష్ అడ్వాన్స్‌గా లెక్కేసి ఆ రోజు నుంచే వడ్డీ వేస్తారు. మీ 600 ఇంటి నుంచే తీసుకెళ్లి మూడు కవర్లలో పెట్టుకోండి, రాత్రికొకటి.

ఇంకోటి, అత్తగారు ఎలాగూ స్లాట్ దగ్గరే కూర్చుంటారు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి పెద్ద జాక్‌పాట్ తగిలితే 30 శాతం పన్ను అక్కడే పట్టుకుంటారు. బ్లాక్‌జాక్, బకరా, రౌలెట్, క్రాప్స్‌లో గెలిచినదానికి ఆ పన్ను లేదు. ఆవిడకి శాలువా కూడా తీసుకెళ్లండి, లోపల ఏసీ చంపేస్తుంది. పొగ కంపు ఎలాగూ తప్పదు.

డాలస్ అల్లుడు

వచ్చేశామండీ. అందరికీ థాంక్స్. నైట్‌షిఫ్ట్ గారూ, మీరు చెప్పినట్టే శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకి వెళ్లాం. 15 డాలర్ల బ్లాక్‌జాక్ టేబుల్, గుడ్డ మీద 6:5. మూడు టేబుళ్లు తిరిగి చూశాం, అన్నీ అంతే. మామగారు కళ్లజోడు సర్దుకుని ఆ అచ్చు చదివి "వీడు మనకి ఎందుకు తగ్గించి ఇవ్వాలి" అని కూర్చోనే లేదు. నేను ఒక్కణ్ణే గంట ఆడి 85 పోగొట్టుకున్నాను. 16 మూడుసార్లు పడింది, మూడుసార్లూ తీశాను, మూడుసార్లూ మునిగాను. వెనక నుంచి ఆయన నిట్టూర్పు వినబడుతూనే ఉంది.

బకరాలో మాత్రం ఆయన రెండు గంటలు లేవలేదు. ప్రతి ఆటకీ కాగితం మీద పెన్సిల్‌తో గీత పెట్టుకున్నారు, అక్కడ రాసుకోవడానికి కాగితం వాళ్లే ఇస్తారట! లేచేసరికి 40 డాలర్లు లాభం. ఆ రాత్రే అందులో 35 రౌలెట్‌లో మా పెళ్లిరోజు అంకె మీద పోయాయి. మిగిలిన 5 డాలర్ల చిప్ కౌంటర్లో ఇవ్వనంటే ఇవ్వనని జేబులో వేసుకున్నారు. ఊళ్లో క్లబ్బులో చూపిస్తారట. అది తర్వాతెప్పుడైనా చెల్లుతుందా?

హెండర్సన్ నైట్‌షిఫ్ట్

దాని మీద 5 అని అంకె ఉందా? ఉంటే మళ్లీ వచ్చినప్పుడు అదే క్యాసినో కౌంటర్లో మార్చుకోవచ్చు. వాళ్లు డిజైన్ మార్చి పాతవి వెనక్కి తీసుకుంటే తప్ప ఇబ్బంది ఉండదు. రంగు ఊదా అయితే మాత్రం మా పెదనాన్నకి ఫోన్ చెయ్యమనండి.