మండువా ఇంటి స్తంభాలకి జపాన్ పద్ధతిలో అతుకు వేయించొచ్చా?

బ్రాడీపేట, గుంటూరు:
ఊళ్ళో మా తాతగారి మండువా ఇల్లు బాగు చేయిస్తున్నాం. నాలుగు టేకు స్తంభాల్లో రెండింటి మొదళ్లు జానెడు మేర చెదలు తినేశాయి, వేలితో నొక్కితే పొడి రాలుతోంది, పైనంతా మాత్రం రాయిలా ఉంది. మేస్త్రీ నాలుగూ పీకేసి కాంక్రీటు పిల్లర్లు పోద్దామంటున్నాడు. ఒకదానికి నాయనమ్మ కవ్వం తాడు ఒరుసుకుని పడిన గాడి ఇంకా ఉందండీ, పారెయ్యడానికి మనసొప్పడం లేదు. జపాన్‌లో హోర్యూజీ గుడి 1300 ఏళ్లుగా చెక్కతోనే నిలబడిందట, వాళ్లు ఇలాంటివి ఎలా బాగు చేస్తారు?

సత్యనారాయణపురం, విజయవాడ:
పీకించకండి. అక్కడ మొదలు కుళ్ళితే అంతవరకే కోసి, అదే జాతి చెక్క ముక్క అతుకుతారు, దాన్ని నెత్సుగి అంటారు. రెండు చివరలూ ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకునేలా చెక్కి, మధ్యలో వదిలిన సందులో గట్టి చెక్క చీల దిగ్గొడితే రెండూ బిగుసుకుపోతాయి. నారాలోని యాకుషీజీ తూర్పు పగోడా 730 నాటిది. 2009లో మొదలైన మరమ్మతులో విప్పి చూస్తే నడిమి స్తంభం మొదలు చెదలు తిని డొల్లగా ఉంది, అయినా ఆ స్తంభాన్నే బాగు చేసి మళ్లీ నిలబెట్టారు. ఇంకో మంచి పద్ధతి, కొత్తగా వేసిన ముక్క మీద మరమ్మతు చేసిన సంవత్సరం ముద్ర వేస్తారు, తర్వాత వచ్చే వడ్రంగికి ఏది పాతదో ఏది కొత్తదో తెలియాలని.

తెనాలి, వడ్రంగం:
మాది ఇదే పని. ముందు దూలం కింద జాకీలు పెట్టి బరువు తప్పించాలి, లేకపోతే పెంకు కప్పంతా కుంగుతుంది. పచ్చి టేకు వద్దు, ఎండాక అతుకు వదులవుతుంది, కూలగొట్టిన ఇళ్ల దూలాలు వెతకండి. కింద రాతి దిమ్మ తప్పనిసరి, చెదలు మట్టిలోంచే ఎక్కుతాయి.

పటమట, విజయవాడ:
కరెంటు పని కూడా జాగ్రత్త బ్రదర్. హోర్యూజీలో మరమ్మతు జరుగుతుండగానే, 1949 జనవరి 26న, ప్రధాన మందిరం అంటుకుని గోడల మీది పాత బొమ్మలు పాడైపోయాయి. పై అంతస్తు అప్పటికే విప్పి పక్కన పెట్టారు కాబట్టి ఆ చెక్క దక్కింది. మరుసటి ఏడాదే అక్కడ సాంస్కృతిక సంపద రక్షణ చట్టం తెచ్చారు.

బ్రాడీపేట, గుంటూరు:
తెనాలి అన్నా, ఆదివారం ఒకసారి వచ్చి చూస్తారా? మేస్త్రీని అప్పటిదాకా ఆగమన్నాను.