బిట్రగుంట డ్రైవరు పుట్టిన ఊరు స్కాట్లండులో ఎట్టా తేల్చుకోవాలి?

కావలి నుంచి:
మా అమ్మమ్మ వాళ్ల తాత స్కాట్లండు మనిషి. బిట్రగుంట లోకో షెడ్డులో ఇంజను డ్రైవరు. ఇంటిపేరు మెక్‌లీన్, 1868 ప్రాంతంలో డండీలో పుట్టాడంటారు. పెళ్లి మాత్రం ఇక్కడే, 1890ల్లో. స్కాట్లండు సర్కారు పాత రికార్డులుండే స్కాట్లండ్స్‌పీపుల్ సైట్లో చూస్తే అదే పేరుతో ఎంతోమంది. మనవాడెవరో ఎట్టా తేల్చాలన్నా?

నెల్లూరు నుంచి:
తమ్ముడూ, డండీని కాసేపు పక్కనపెట్టి ఇక్కడి పెళ్లి పట్టుకో. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చీల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల నకళ్లు లండన్‌కి పోయేవి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 వరసలో ఉన్నాయి. ఫిబిస్ (బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర సంఘం), ఫ్యామిలీసెర్చ్ సైట్లలో చాలావాటి సూచిక ఉచితమే. పెళ్లి పద్దులో వయసు, ఉద్యోగం, తండ్రి పేరు రాస్తారు, తల్లి పేరు రాయరు. ఆ తండ్రి పేరుతో వడకడితేనే చాలామంది రాలిపోతారు.

అప్పుడు 1868 జనన పత్రం కొను. స్కాట్లండులో సర్కారు నమోదు 1855 జనవరి 1న మొదలైంది. 1861 నుంచి జనన పత్రంలో తల్లి పుట్టింటి పేరుతో పాటు అమ్మానాన్నల పెళ్లి ఎప్పుడు, ఎక్కడ జరిగిందో కూడా ఉంటుంది. ఇంగ్లండు పత్రంలో ఈ పెళ్లి వివరం దొరకదు. స్కాట్లండ్స్‌పీపుల్‌లో పత్రం బొమ్మకి 6 క్రెడిట్లు (డబ్బు కట్టి కొనుక్కునేవి) పోతాయి, సూచిక చూడటం ఉచితం. తండ్రి పేరు తెలియకుండా ఒక్క బొమ్మ కూడా కొనొద్దు.

ఒంగోలు నుంచి:
అన్న చెప్పింది కరెక్టు. 1871, 1881 జనాభా లెక్కల్లో ఆ ఇల్లు కూడా చూడండి. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏ పారిష్‌లో (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) పుట్టారు అన్నీ ఉంటాయి. వయసు ఒకట్రెండేళ్లు తేడా వస్తే కంగారొద్దు. తాతల కోసం మాత్రం 1841 కన్నా 1851 మేలు. 1841లో 15 దాటినవాళ్ల వయసు ఐదు గుణిజానికి తగ్గించి రాయమన్నారు, 34 ఏళ్లాయన 30 అయిపోతాడు. పుట్టిన చోటు కూడా ఆ కౌంటీయా కాదా అనే ఉంటుంది.

1855కి ముందు పాత పారిష్ రిజిస్టర్లే దిక్కు. అవి స్కాట్లండు చర్చివి. 1843లో చర్చి చీలి ఫ్రీ చర్చిలోకి పోయినవాళ్లు అందులో చాలాసార్లు కనపడరు. పేరు లేనంత మాత్రాన పుట్టలేదని కాదు. అలాంటప్పుడు మరణ పత్రం తియ్యండి, చనిపోయినవాళ్ల అమ్మానాన్నలిద్దరి పేర్లూ రాసే గడి ఉంటుంది. 1860లో పోయిన ముసలాయన పత్రంతో 1700ల్లోకి పోవచ్చు.

కావలి నుంచి:
ఒకే అమ్మానాన్నలకి 1866లో, 1868లో ఒకే పేరుతో ఇద్దరు కొడుకులున్నారే?

నెల్లూరు నుంచి:
పెద్దోడు చిన్నప్పుడే పోయి ఉంటాడు. మన దగ్గర లాగే వాళ్లూ మొదటి కొడుక్కి నాన్న వాళ్ల నాన్న పేరు పెట్టేవాళ్లు, ఆ బిడ్డ పోతే తర్వాతోడికి అదే పేరు. 1866-68 మధ్య మరణాల సూచికలో వెతుకు. ఇంటిపేరు మెక్, మాక్ రెండు రకాలుగానూ కొట్టు.