డైమండ్ల కోసం సొరంగం తవ్వాలా, గుహల్లో తిరగాలా? (మైన్‌క్రాఫ్ట్ 1.18 తర్వాత)

నల్లరాయి:
మా సర్వర్‌లో మూడు రోజుల నుంచి ఇదే గొడవ, ఇక్కడైనా తేలుద్దాం అని పెడుతున్నా. నా మాటేంటంటే డైమండ్ కావాలంటే ఎత్తు లెక్కలో (వై లెవెల్) మైనస్ 59కి దిగి బ్రాంచ్ మైన్, అంటే పక్కపక్కనే వరసగా సొరంగాలు, తవ్వడమే. 2021 నవంబర్ 30న 1.18 అప్‌డేట్ వచ్చాక ప్రపంచం అడుగు సున్నా నుంచి మైనస్ 64కి పోయింది, డైమండ్లు 16 దగ్గర మొదలై దిగే కొద్దీ పెరుగుతాయి, అడుగు నుంచి మైనస్ 60 దాకా బెడ్‌రాక్ (పగలని రాయి) తగులుతుంది కాబట్టి హాయిగా నడవగలిగిన చివరి చోటు మైనస్ 59. దానికంటే ముఖ్యమైంది ఇంకోటి ఉంది, గాలి తగిలే చోట డైమండ్ బ్లాక్ పడాల్సి వస్తే గేమే కొన్నిటిని కొట్టేస్తుంది. డైమండ్లు ముద్దలుగా పడతాయి కదా, చిన్న ముద్దల్లో సగం, పెద్ద ముద్దల్లో పదికి ఏడు, పూర్తిగా రాతిలో దాగే రకం ఒకటుంది దాంట్లో అయితే గాలి తగిలే బ్లాక్ ఒక్కటి కూడా ఉంచదు. అంటే గుహ గోడ మీద మీకు కనపడేది తాలు, గింజ అంతా లోపల రాతిలో ఉంది.

టార్చ్99:
అన్నా లెక్క కరెక్టే కానీ సగమే చెప్పావ్. నీ సొరంగంలో ఒక అడుగు ముందుకెళ్లాలంటే రెండు బ్లాకులు కొట్టాలి, దానికి పక్క గోడలు, నేల, పైకప్పు కలిపి కొత్తగా కనపడేవి ఆరు. పైగా అక్కడంతా డీప్‌స్లేట్ అనే లోతు రాయి, మామూలు రాయికి రెట్టింపు గట్టి. అదే మైనస్ 50 దగ్గర పెద్ద గుహ తగిలితే నైట్ విజన్ కషాయం (చీకట్లో కనపడేలా చేసేది) తాగి మధ్యలో నిలబడి ఒకసారి చుట్టూ తిరిగి చూస్తే చాలు, ఒక్క బ్లాక్ కొట్టకుండా వందల బ్లాకుల గోడ కళ్ల ముందుంటుంది, అందులో సగం కాదు ముప్పావు తీసేసినా మిగిలింది నీ సొరంగం కంటే ఎక్కువే. నువ్వు కొట్టిన బ్లాక్‌కి ఎన్ని అని లెక్కేస్తున్నావ్, నేను కూర్చున్న గంటకి ఎన్ని అని లెక్కేస్తున్నా. వారానికి రెండు గంటలు ఆడేవాళ్లకి నా లెక్కే పనికొస్తుంది.

లావాదూరం:
ఇద్దరూ బతికి బయటపడే సంగతి ఎత్తట్లేదు. మైనస్ 55 నుంచి కిందున్న గుహల్లో మడుగులన్నీ లావావే. మైనస్ 59లో తవ్వేవాడి తల పైన కూడా లావా ఉండొచ్చు, గోడలో ఒక్క రాయి తీయగానే మీదకొచ్చేస్తుంది. పోయిన నెల ఎన్‌చాంట్ చేసిన (అదనపు శక్తి ఎక్కించిన) పికాక్స్, నెత్తిన హెల్మెట్, తవ్విన డైమండ్లు అన్నీ ఒక్క దెబ్బకి కాలిపోయాయి, ఆ రోజు మళ్లీ గేమ్ తెరవబుద్ధి కాలేదు. అప్పట్నుంచి మైనస్ 53లోనే తవ్వుతున్నా. డైమండ్లు కొంచెం తక్కువే, ఒప్పుకుంటా, కానీ గుహలోకి దారి తెరుచుకున్నా లావా నా కాళ్ల కింద ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మైనస్ 59 అని చెప్పి పంపొద్దు దయచేసి.

పాతచేయి:
ఇంకా 11లో తవ్వుతున్నవాళ్లు ఉన్నారు, మా తమ్ముడే చేస్తున్నాడు. అది 1.18కి ముందు మాట, అప్పట్లో అడుగు సున్నా, లావా 10 దాకా ఉండేది కాబట్టి 11 సరిపోయేది. ఇప్పుడు 11లో డైమండ్ తగలడం చాలా అరుదు, ఇనుమైతే బాగా పడుతుంది, దాని లెక్క 16 దగ్గర ఎక్కువ.

నల్లరాయి:
@లావాదూరం మీ బాధ అర్థమైంది, అయినా బకెట్ నీళ్లు చేతి బార్‌లో పెట్టుకుని, ముందు తల ఎత్తులో ఉన్న బ్లాక్ తీసి చూసి తర్వాత కిందది తీస్తే ఆ ప్రమాదం చాలా వరకు పోతుంది. @టార్చ్99 నీ ఆరు బ్లాకుల లెక్కకి జవాబు, ముద్ద అంటే ఒక్క బ్లాక్ కాదుగా. బ్రాంచ్‌కి బ్రాంచ్‌కి మధ్య రెండు బ్లాకులు వదిలితే అన్నీ కనిపిస్తాయి, మూడు వదిలితే మధ్యలో ఒక వరస దాగిపోతుంది, కానీ ముద్ద నాలుగైదు బ్లాకులుంటే దాని అంచు ఎటో ఒకవైపు బయటపడుతుంది, కాబట్టి కనపడని రాయి కూడా నేను వెతికిన లెక్కలోకే వస్తుంది. నేను మూడు వదులుతా.

టార్చ్99:
మూడు వదలడం మంచి పాయింటే, అది నేను లెక్కలో వేసుకోలేదు. కానీ నీ చేతిలో ఎఫిషియెన్సీ 5 (తవ్వే వేగం పెంచే శక్తి) ఉన్న డైమండ్ పికాక్స్ ఉంది కాబట్టి తవ్వడం తేలికనిపిస్తోంది, మొదటి రోజు ఇనప పికాక్స్‌తో ఒక బ్రాంచ్ తవ్వి చూడు. ఇంకోటి, ఆ ఎఫిషియెన్సీ 5 పికాక్స్‌కి తోడు బీకన్ (చుట్టూ ఉన్నవాళ్లకి శక్తినిచ్చే దీపం) పెట్టి హేస్ట్ 2 అనే వేగం తెచ్చుకుంటే మామూలు రాయి తగలగానే పోతుంది, డీప్‌స్లేట్ అలా పోదు. నీ పద్ధతికి పెద్ద బ్రేక్ అక్కడే.

నీటిగుహ:
నీళ్లు నిండిన గుహల సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? గేమ్ కొట్టేసేది గాలి తగిలే బ్లాకుల్నే, నీళ్లు తగిలేవాటిని కాదు. అంటే నీటి అడుగున గుహ గోడలో డైమండ్లు ఆ కోత లేకుండా ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి, టార్చ్99 చెప్పే వెడల్పు, నల్లరాయి చెప్పే గింజ రెండూ ఒకే చోట. వాటర్ బ్రీతింగ్ (నీళ్లలో ఊపిరాడేది), నైట్ విజన్ కషాయాలు రెండూ కావాలి, హెల్మెట్ మీద ఆక్వా అఫినిటీ ఎన్‌చాంట్ తప్పనిసరి, లేకపోతే నీళ్లలో కొట్టడం ఐదు రెట్లు నెమ్మది. తేలుతూ కొట్టినా నెమ్మదే, నేల మీద కాలు ఆనించి కొట్టండి. నేను ఈ మధ్య అన్నీ ఇలాగే తెస్తున్నా, డ్రౌన్డ్‌లు (నీళ్లలో ఉండే జాంబీలు) త్రిశూలం విసురుతాయి చూసుకోవాలి అంతే.

లావాదూరం:
ఇది నాకు నిజంగా కొత్త విషయం, థాంక్స్. పైగా నీళ్లలో ఉంటే ఒంటికి నిప్పంటుకున్నా వెంటనే ఆరిపోతుంది.

నల్లరాయి:
నీటి గుహలు ఒప్పుకుంటున్నా, వాటికి నా దగ్గర ఎదురు లేదు. అయితే వెతుక్కుంటూ పోతే లోతులో నీటి గుహ ఎప్పుడు తగులుతుందో చెప్పలేం, మైనస్ 59 మాత్రం ఎక్కడ తవ్వినా ఉంటుంది. 1.20.2 అప్‌డేట్‌లో డీప్‌స్లేట్ పొరల్లో డైమండ్లు ఇంకా పెంచారు కూడా.

టార్చ్99:
ఆ పెంచినవి మైనస్ 4 నుంచి అడుగు దాకా ఒకే లెక్కన పరిచారు అన్నా, కాబట్టి మైనస్ 20లో గుహలో తిరిగేవాడికి కూడా లాభమే. పైగా గుహలో నాకు ఇనుము, రెడ్‌స్టోన్, లాపిస్ అన్నీ దారిలోనే దొరుకుతాయి. సున్నా కంటే కింద గోడలో టఫ్ అనే బూడిద రంగు రాయి బారుగా కనపడిందంటే ఆగి తవ్వాల్సిందే, పెద్ద ఇనుము నిక్షేపం అలాగే బయటపడుతుంది. కొత్త ప్రపంచంలో మొదటి వారం నేను గుహలే. పికాక్స్‌కి ఫార్చ్యూన్ 3 (ఒక రాయి నుంచి ఎక్కువ డైమండ్లు రాల్చే ఎన్‌చాంట్) వచ్చాక మాత్రం నీతో పాటు సొరంగంలోకి వస్తా, ఒక్క డైమండ్ రాయికి సగటున 2.2 వస్తున్నప్పుడు తవ్విన కష్టానికి ఫలితం ఉంటుంది.

నల్లరాయి:
అయితే అప్పటిదాకా గుహలో దొరికిన డైమండ్ రాళ్లని ఇనప పికాక్స్‌తో కొట్టేయకు. ఎక్కడున్నాయో వై లెవెల్‌తో సహా రాసిపెట్టుకో, మూడు కొట్టి డైమండ్ పికాక్స్ చేసుకుని మిగతావి ఫార్చ్యూన్ వచ్చాక వెళ్లి తీసుకుందాం.