కౌంటీలో డెత్ ఇన్వెస్టిగేటర్ ఉద్యోగం: ఫ్రెషర్‌ని చేరమనొచ్చా?

కరీంనగర్_చిన్నోడు:
మా చెల్లె టెక్సస్‌ల ఫోరెన్సిక్ సైన్స్ మాస్టర్స్ చేస్తోంది, అయిపోవచ్చింది. ఒక కౌంటీ (మన జిల్లా లెక్క) మెడికల్ ఎగ్జామినర్, అంటే చావుకి కారణం తేల్చే డాక్టరు, ఆఫీసుల ఇన్వెస్టిగేటర్ ట్రైనీ పోస్టుకి ఇంటర్వ్యూ కాల్ వచ్చింది. ఎవరన్న అనుమానంగ చనిపోతే స్పాట్‌కి పోయి చూసి రిపోర్టు రాసే పని అంట. మా నాయిన ఫోన్ల ఒకటే లొల్లి, శవాల కాడ కొలువేంది, రేపు సంబంధాలు ఎట్లొస్తయ్ అని. నాకు సంబంధాల సంగతి పట్టదు గని చదువు అయిపోంగనే ఇసొంటి పనిల పడితే పిల్ల తట్టుకుంటదా, ల్యాబ్ జాబ్ చూసుకోమనాల్నా? తెలిసినోళ్ళే చెప్పుండ్రి.

ఈఆర్_నర్సక్క:
తమ్ముడూ నేను హ్యూస్టన్‌లో ఈఆర్ (ఎమర్జెన్సీ) నర్సుని, మా దగ్గర పేషెంట్ పోతే ఈ ఆఫీసు వాళ్ళకే ఫోన్ చేస్తాం. నా ఓటు వద్దనే. శవాలని చూసి భయపడుతుందని కాదు, అది అందరికీ అలవాటవుతుంది. మెడికల్ బ్యాక్‌గ్రౌండ్ లేకుండా ఈ పని చెయ్యకూడదు అని నా గట్టి అభిప్రాయం. ఒక పెద్దాయన నర్సింగ్ హోమ్‌లో జారి పడ్డాడు, తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది, మంచం మీదే ఉండి ఉండి మూడు వారాలకి నిమోనియాతో పోయాడనుకో. డాక్టర్లు చాలామంది నేచురల్ అని సంతకం పెట్టేస్తారు. కానీ కథ మొదలైంది పడటంతో కదా, అంటే అది యాక్సిడెంట్, మెడికల్ ఎగ్జామినర్‌కి చెప్పి తీరాల్సిన కేసు. ఆ ఫోన్ ఎత్తినమ్మాయికి చార్ట్ చదవడం రాకపోతే "సరే రిలీజ్ చెయ్యండి" అనేస్తుంది, అంతే, అయిపోయింది. న్యూయార్క్ సిటీలో ఈ పనికి ఫిజిషియన్ అసిస్టెంట్లని (డాక్టరు కింద వైద్యం చేసేవాళ్ళని) పెట్టుకున్నారు ఊరికే కాదు.

రాత్రి_డ్యూటీ:
నేను మిడ్‌వెస్ట్‌లో ఒక కౌంటీలో ఇదే పని చేస్తున్నా కాబట్టి చెప్తా. అక్క చెప్పిన తుంటి ఎముక పాయింట్ వంద శాతం కరెక్ట్, మా ట్రైనింగ్‌లో మొదట నూరిపోసేదే అది. ఎందుకంటే పనిలో ఎక్కువ భాగం ఫోనే. ఆస్పత్రులు, హాస్పిస్‌లు (చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని చూసుకునేవి), నర్సింగ్ హోమ్‌ల నుంచి కాల్స్ వస్తాయి, కేసు మనం తీసుకోవాలా వదిలెయ్యాలా తేల్చాలి. అయితే అది నేర్పితే వచ్చే విద్య అక్కా, నర్సింగ్ డిగ్రీ ఉంటే తప్ప రాదనడం మాత్రం ఒప్పుకోను.

స్పాట్‌కి వెళ్తే రూల్ ఒకటే, స్థలం పోలీసులది, బాడీ మాది. మేం చెప్పేదాకా ఎవరూ కదపకూడదు. ఒళ్ళు ఎంత బిగుసుకుంది, రక్తం ఏ వైపు దిగి మరకలు కట్టింది, ఆ మరకలు పడుకున్న తీరుకి సరిపోతున్నాయా లేక తర్వాత ఎవరన్నా తిప్పారా అని చూస్తాం. ఇల్లంతా చూడాలి, ఏసీ ఎంతలో ఉంది, ఫ్రిజ్‌లో పాల డబ్బా మీద డేట్ ఎంత, మెయిల్‌బాక్స్‌లో ఉత్తరాలు ఎప్పటి నుంచి పేరుకున్నాయి. మందుల సీసాలు తీసి మాత్రలు లెక్కపెట్టాలి, ఫలానా తేదీన 30 ఇచ్చారు, ఈ రోజుకి ఎన్ని మిగలాలి, ఎన్ని ఉన్నాయి అని. ఒంటి మీద ఉంగరాలు, పర్సులో డబ్బులు రూపాయితో సహా రాసి సంతకం పెట్టాలి (డాలరుతో సహా అనాలేమో). పోస్ట్‌మార్టం చేసే డాక్టరు చాలాసార్లు స్పాట్‌కి రాడు, ఆయనకి ఆ గది కనపడేది మేం రాసిన కాగితంలోనే. నర్సుగా వచ్చినవాళ్ళు బాడీని బాగా చూస్తారు, గదిని చూడటం వాళ్ళకీ మేమే నేర్పాలి.

సర్టిఫికెట్ సంగతి కూడా చెప్తా. ఏబీఎమ్‌డీఐ అని డెత్ ఇన్వెస్టిగేటర్లకి సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు ఉంది, దాని మొదటి లెవెల్ పరీక్షకే ఇలాంటి ఆఫీసులో ఉద్యోగంలో ఉండి 640 గంటల అనుభవం చూపించాలి, పై లెవెల్‌కి 4000 గంటలు. అంటే చేరకముందు ఎవ్వరికీ రాదు, అందరూ ఎక్కడో ఒకచోట ట్రైనీగా మొదలెట్టాల్సిందే.

రిటైర్డ్_ఎస్సై_తెనాలి:
మా అమ్మాయి ఫోన్లో ఈ చర్చ చూపిస్తే రాస్తున్నా. అసలీ పని చదువుకున్న పిల్లలది కాదండీ, పోలీసు పని. మన దగ్గర శవ పంచనామా ఎస్సై స్థాయిలో జరుగుతుంది, పాత 174 సెక్షన్, 2024 జులై నుంచి బిఎన్ఎస్ఎస్ 194. పంచాయతీదార్ల ముందు గాయాలు చూసి రాసి, పెద్దాసుపత్రికి పంపిస్తాం. ఉరి వేసుకున్నాడో, చంపి వేలాడదీశారో తాడు ముడి చూసి చెప్పిన హెడ్ కానిస్టేబుళ్ళున్నారు. నేరస్తుడి బుర్ర తెలియాలంటే స్టేషన్లో పనిచేసుండాలి.

రాత్రి_డ్యూటీ:
బాబాయ్ గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే అంటున్నా. పెళ్ళైన ఏడేళ్ళలోపు అమ్మాయి చనిపోతే పంచనామాకి తహసీల్దారో ఆర్డీవోనో ఎందుకొస్తారు? లాకప్ డెత్‌కి జ్యుడిషియల్ మేజిస్ట్రేట్ విచారణ ఎందుకు పెట్టారు? పోలీసు ఒక్కడే తేలిస్తే సరిపోదని మన చట్టమే ఒప్పుకున్నట్టు కదా. ఇక్కడా అదే గొడవ. కాలిఫోర్నియాలో చాలా కౌంటీల్లో షెరిఫే (కౌంటీ పోలీసు పెద్ద) కరోనర్ కూడా, అంటే చావు ఎలా జరిగిందో తేల్చే అధికారి. శాన్ వాకీన్ కౌంటీలో పోస్ట్‌మార్టాలు చేసే డాక్టర్ బెన్నెట్ ఒమలు, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మెదడు జబ్బు బయటపెట్టినాయన, పోలీసుల చేతిలో పోయినవాళ్ళ కేసుల్లో షెరిఫ్ వేలు పెడుతున్నాడని ఆరోపించి 2017 చివర్లో రాజీనామా చేశాడు. షెరిఫ్ కాదన్నాడనుకోండి, అయినా మరుసటి ఏడాది కౌంటీ వాళ్ళు ఆ ఆఫీసుని షెరిఫ్ నుంచి విడదీయాలని ఓటేశారు. అందుకే చిన్నోడా, చెల్లెలు చేరాలా వద్దా అన్నదానికంటే ఎవరి కింద చేరుతోంది అన్నదే నేను ముందు చూస్తా.

రిటైర్డ్_ఎస్సై_తెనాలి:
లాకప్ డెత్ విషయంలో మీరన్నది కాదనలేను. కానీ ఊళ్ళో పురుగుమందు తాగిన ప్రతి కేసుకీ వేరే ఆఫీసు ఎక్కడి నుంచి తెస్తారు బాబూ. మార్చురీలో ఫ్రీజర్లే సరిగ్గా ఉండవు.

ఈఆర్_నర్సక్క:
ఎవరి కింద అన్నదానికి నాదీ అదే మాట. 1928లోనే నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ కరోనర్ పదవి ఎత్తెయ్యమంది, 2009లో నేషనల్ అకాడమీ రిపోర్టు కూడా అదే పాట, ఇప్పటికీ ఓట్లేసి గెలిపించిన కరోనర్లున్న కౌంటీలు బోలెడు. టెక్సస్‌లోనే చిన్న కౌంటీల్లో జస్టిస్ ఆఫ్ పీస్ అనే కింది స్థాయి జడ్జి తేలుస్తాడు, ఆయన డాక్టరై ఉండాలని రూలేం లేదు. మీ చెల్లికి వచ్చింది మెడికల్ ఎగ్జామినర్ ఆఫీసు కాబట్టి కొంత నయం. అయినా రెండేళ్ళు ఈఎమ్‌టీగా (అంబులెన్స్‌లో అత్యవసర చికిత్స చేసే పని) చేసి వెళ్తే బాగుంటుందనే నేనంటా.

డాలస్_వాలంటీర్:
నేను తెలుగు సంఘం తరఫున ఇక్కడ చనిపోయిన మనవాళ్ళ బాడీ ఇండియా పంపే పనుల్లో తిరుగుతుంటా. అక్కడ తల్లిదండ్రులకి అర్థం కానివి రెండే. డెత్ సర్టిఫికెట్‌లో కారణం "పెండింగ్" అని వస్తే ఏదో దాస్తున్నారు, బాడీ ఇవ్వరు అని ఏడుస్తారు. పెండింగ్ అంటే టాక్సికాలజీ (ఒంట్లో మందులు, విషం ఉన్నాయా అని చూసే పరీక్ష) రిపోర్టు రావాలి, దానికి వారాలు పడుతుంది, కానీ పోస్ట్‌మార్టం అయ్యాక బాడీ మామూలుగా ఇచ్చేస్తారు, ఎంబామింగ్ (బాడీ పాడవకుండా మందు ఎక్కించడం) సర్టిఫికెట్, కాన్సులేట్ ఎన్‌ఓసీ తీసుకుని పంపొచ్చు. రెండోది, ఇక్కడే దహనం చేద్దామంటే టెక్సస్‌లో 48 గంటలు ఆగాలి, మినహాయింపు ఇస్తే తప్ప. తెల్లారేలోపు అయిపోవాలనుకునే మనవాళ్ళకి ఇది నరకం. ఇవన్నీ వాళ్ళకి మొదట చెప్పాల్సింది ఆ ఇన్వెస్టిగేటరే. "కోసారా" అని తెలుగులో ఓ తల్లి అడిగితే తెలుగులో జవాబు చెప్పే మనిషి ఆ ఆఫీసులో ఉంటే ఎంత తేడానో నేను చూస్తూనే ఉన్నా. వెళ్ళనివ్వు తమ్ముడూ.

కరీంనగర్_చిన్నోడు:
అందరికీ థ్యాంక్స్. చెల్లెకి మొత్తం చదివి వినిపించిన. ఈఎమ్‌టీ సలహా వీసాతోని కుదరదంటోంది. నాయిన ఇంక ఒప్పుకోలే, డాలస్ అన్న రాసింది మాత్రం రెండుసార్లు చదివించుకున్నడు. రాత్రి_డ్యూటీ అన్నా, ఇంటర్వ్యూల ఏం అడగమంటవ్?

రాత్రి_డ్యూటీ:
వీసా స్పాన్సర్ చేస్తారా అని ఇంటర్వ్యూకి ముందే మెయిల్ పెట్టమను, చాలా కౌంటీలు చెయ్యవు. ఎన్నాళ్ళు సీనియర్‌తో పంపిస్తారు, ఎప్పటి నుంచి ఒక్కదాన్నే పంపిస్తారు, 12 గంటల నైట్ షిఫ్ట్‌లో ఎంతమంది ఉంటారు అని అడగాలి. చిన్నపిల్లల కేసుల తర్వాత మాట్లాడటానికి కౌన్సెలర్ ఉన్నాడా అని సిగ్గుపడకుండా అడగమను, మమ్మల్ని నిద్రపోనివ్వనివి అవే. వీలైతే ఒక షిఫ్ట్ వెంట తిప్పమని అడగాలి, కొన్ని ఆఫీసులు ఒప్పుకుంటాయి. ఇంకోటి, వాసనకి ముక్కు కింద విక్స్ రాసుకోమని ఎవడో ఒకడు చెప్తాడు, వద్దను, ముక్కు ఇంకా తెరుచుకుంటుంది. కాసేపు ఓర్చుకుంటే ముక్కే మొద్దుబారుతుంది.