దాచిన కిల్ స్విచ్: సెల్ఫ్ వైర్‌కా, పెట్రోల్ పంప్‌కా? అసలు అవసరమా?

పాతబండి:
మాది పాత మాన్యువల్ పెట్రోల్ కారు. తాళంలో చిప్ లేదు, అంటే సరైన తాళం కాకపోతే ఇంజిన్‌ని లేవనివ్వని ఇమ్మొబిలైజర్ కంపెనీ ఇవ్వనట్టే. దొంగ స్టార్ట్ చేయలేకుండా లోపల ఎక్కడైనా ఒక రహస్య స్విచ్ (కిల్ స్విచ్) పెట్టిద్దామనుకుంటున్నా. ఒక ఎలక్ట్రీషియన్ సెల్ఫ్ వైర్‌లో పెడతానంటున్నాడు, ఇంకొకాయన పెట్రోల్ పంప్ వైర్‌లో పెట్టాలంటున్నాడు, తెలిసినవాళ్లేమో రెండూ దండగ అంటున్నారు. రాత్రిళ్లు బండి బయటే ఉంటుంది, నిజంగానే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

లాంగ్‌డ్రైవ్:
పంప్‌కే పెట్టించు తమ్ముడూ, ఆలోచించకు. సెల్ఫ్ కట్ చేస్తే ఇద్దరు వెనక నుంచి తోసి, రెండో గేర్‌లో క్లచ్ వదిలితే బండి లేస్తుంది. అదే పంప్ కట్ చేస్తే పైపులో మిగిలిన పెట్రోల్‌తో స్టార్ట్ అయి, కాస్త దూరం పోయి రోడ్డు మధ్యలో ఆగిపోతుంది. బండే చెడిపోయిందనుకుని దొంగ వదిలేసి పోతాడు.

దారిదీపం:
నేనైతే రెండూ వద్దంటాను. స్విచ్ ఉందని అద్దం పగలకుండా ఉంటుందా? స్టీరింగ్ కింద కవర్ పీకకుండా ఉంటారా? లారీ మీదికి ఎక్కించుకుపోతే ఆ స్విచ్ ఏం చేస్తుంది? జీపీఎస్ ట్రాకర్ పెట్టుకుంటే పోయినా దొరుకుతుంది. వైరింగ్ కెలికితే వారంటీ, ఇన్సూరెన్స్ గొడవలు అదనం.

పన్నెండు వోల్టులు:
దారిదీపం గారూ, ట్రాకర్ పనిచేసేది బండి పోయాక, ఈయన అడుగుతున్నది పోకుండా ఎలా అని. ట్రాకర్ సిగ్నల్‌ని అడ్డుకునే జామర్‌తో వచ్చేవాళ్లు ఉన్నారు. బండిని ఎక్కడో ఒక మూల కొన్ని రోజులు వదిలేసి, వెతుక్కుంటూ ఎవరైనా వస్తారేమో చూసి, రాలేదనుకున్నాకే తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. ఆపిల్ వాళ్ల ఎయిర్‌ట్యాగ్ లాంటి చిన్న ట్రాకర్లైతే మనుషులను రహస్యంగా వెంబడించకుండా పెట్టిన జాగ్రత్త వల్ల, మీ వెంట ఒక ట్యాగ్ వస్తోందని దొంగ ఫోన్‌కే చెప్పేస్తాయి. ట్రాకర్ పెట్టుకోవాలి, కాదనను. కానీ దాని ఒక్కదాని మీద భారం వేయకూడదు.

ఇంజిన్‌ని లేవకుండా ఆపడం దండగ అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేశారు. దాని ఫలితం ఏమిటో నెదర్లాండ్స్ లెక్కలు తీసుకుని పరిశోధకులు చూస్తే, 1995 నుంచి 2008 మధ్య కారు దొంగతనాలు దాని వల్ల సగటున 40 శాతం దాకా తగ్గాయని తేలింది. అమెరికాలో అలాంటి నిబంధన లేదు, 2021 వరకు అక్కడ అమ్మిన కియా, హ్యుందాయ్ కార్లలో చాలావాటికి ఇమ్మొబిలైజర్ లేదు, ఆ తర్వాత టిక్‌టాక్ వీడియోలు చూసిన కుర్రాళ్లు స్టీరింగ్ కింద కవర్ పీకి యూఎస్‌బీ కేబుల్ కొసతో స్టార్ట్ చేసి ఎత్తుకెళ్లిపోయారు. పక్కనే ఉన్న కెనడాలో 2007 నుంచి అది తప్పనిసరి కాబట్టి అవే కంపెనీల కార్లకు ఆ బెడద రాలేదు. పాతబండి గారి కారు ఇప్పుడు ఆ అమెరికా కార్లున్న స్థితిలోనే ఉంది. అందుకే ఆయనకి స్విచ్ కావాలనే చెప్తున్నా.

ఇక పంప్ సంగతి. లాంగ్‌డ్రైవ్ అన్నా, నువ్వు మెచ్చుకున్నదే నాకు భయం కలిగించేది. రోడ్డు మధ్యలో ఆగిపోయిన ఆ బండి వెనకాల ఇంకెవరో వస్తుంటారు కదా, ఆ వచ్చేవాళ్లకి దీనితో ఏ సంబంధమూ ఉండదు. రెండోది, అదే స్విచ్, అదే అతుకు పనిలో లోపం వచ్చి నువ్వే నడుపుతున్నప్పుడు వదిలేస్తే? ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కిపోతుంది, బ్రేక్ తొక్కడాన్ని తేలిక చేసే బూస్టర్‌లో మిగిలిన శక్తి ఒకటి రెండు సార్లు తొక్కేసరికి అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా ఉంటుంది. చవక టోగుల్ స్విచ్ ఒకటి, మెలితిప్పి టేపు చుట్టిన వైర్లు రెండు. వీటి మీద ఆధారపడి పిల్లలను ఎక్కించుకుని హైవే మీదికి వెళ్లగలమా? సెల్ఫ్ సర్క్యూట్‌లో లోపం వస్తే జరిగేది ఒకటే, బండి స్టార్ట్ కాదు. ఇంటి ముందే ఆగిపోతుంది, ఎవరికీ దెబ్బ తగలదు.

తోసి స్టార్ట్ చేస్తారన్నది నిజమే. అందుకే సెల్ఫ్ స్విచ్‌తో పాటు బయటికి కనిపించే స్టీరింగ్ లాక్ బార్ కూడా వేయాలి. చక్రాలు పూర్తిగా ఒక పక్కకి తిప్పి, గేర్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, అప్పుడు బార్ వేయండి. స్టీరింగ్ తిరగని బండిని నెట్టుకుంటూ ఎంత దూరం పోతారు? ఆ బార్ దూరం నుంచే కనిపిస్తే కొందరు అద్దం జోలికి కూడా రారు, దారిదీపం గారు అడిగినదానికి కొంత జవాబు అదే. లారీ మీదికి ఎక్కించుకుపోయేవాళ్లని స్విచ్ ఆపదు, అక్కడ ట్రాకరే దిక్కు.

దారిదీపం:
సరే, రోజూ స్విచ్ ఆఫ్ చేయడం ఎవరికి గుర్తుంటుంది? నాలుగు రోజులు చేస్తారు, అయిదో రోజు మర్చిపోతారు.

పన్నెండు వోల్టులు:
మంచి ప్రశ్న. అందుకే ఆన్ ఆఫ్ స్విచ్ వద్దు, నొక్కి వదిలితే తనే వెనక్కి వచ్చే స్ప్రింగ్ బటన్ పెట్టించండి. దాన్ని నొక్కి పట్టుకుని తాళం తిప్పితేనే సెల్ఫ్ తిరుగుతుంది, చెయ్యి తీయగానే మళ్లీ కాపలా మొదలు. గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ ఉండదు.

పాత కార్లలో తాళం దగ్గర నుంచి సెల్ఫ్ మోటారు సొలినాయిడ్‌కి (మోటారుకి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్‌కి) నేరుగా కరెంటు పోయేవి ఉంటాయి, ఆ కరెంటు చిన్న బటన్ తట్టుకోదు, కాంటాక్టులు మాడిపోతాయి. మధ్యలో ఒక రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్, పెట్టి, బటన్‌తో ఆ రిలే కాయిల్‌ని మాత్రమే నడపాలి. కాయిల్‌కి పట్టేది చాలా తక్కువ, సన్న వైరు చాలు, బటన్ ఎక్కడైనా దాచుకోవచ్చు. బటన్ వైరుకి ఫ్యూజ్ తప్పకుండా ఉండాలి, అతుకులు సోల్డర్ చేసో సరిగ్గా క్రింప్ చేసో వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ ట్యూబ్ తొడగాలి. పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, చెయ్యి పెట్టనివ్వకండి.

బటన్ స్టీరింగ్ కింద వద్దు, దొంగ చెయ్యి మొదట పోయేది అక్కడికే. ఎర్ర లైటు వెలిగే స్విచ్ అసలే వద్దు. ప్లాస్టిక్ ప్యానెల్ వెనక రీడ్ స్విచ్ పెట్టి, బయట నుంచి చిన్న అయస్కాంతం ఆనించి పనిచేయించేవాళ్లు ఉన్నారు, పైకి ఏమీ కనిపించదు, నాకు బాగా నచ్చిన పద్ధతి అది. సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాక కూడా చెయ్యి అందేలా మాత్రం చూసుకోండి.

ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే రాతపూర్వకంగా చెప్పండి. వారంటీ ఉన్న కొత్త బండికైతే దారిదీపం గారి మాటే వినండి, బయటి పని చేయించకండి.

నీలికారు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది కీలెస్ కారు, ఇమ్మొబిలైజర్ ఉంది. నాకు ఇదంతా అక్కర్లేదు కదా?

పన్నెండు వోల్టులు:
అంత ధీమా వద్దు. ఇంట్లో ఉన్న తాళం సిగ్నల్‌ని ఒకడు పట్టి, కారు దగ్గర నిలబడ్డ ఇంకొకడికి అందిస్తే, తాళం పక్కనే ఉందనుకుని కారు తెరుచుకుంటుంది. దీనికి సిగ్నల్ బయటికి పోనివ్వని ఫారడే పౌచ్ చాలు, తాళం అందులో వేసుకోండి, స్పేర్ తాళం కూడా. మరీ ముదురు పద్ధతి హెడ్‌లైట్ దగ్గర వైరింగ్‌లోకి చొరబడి, తాళం సరైనదేనని కారుకి అబద్ధపు సందేశం పంపడం. 2022లో ఇంగ్లండ్‌లో వాహన భద్రత మీద పనిచేసే పరిశోధకుడి సొంత టొయోటానే ఇలా పోయింది, ఆయన తవ్వి చూస్తే ఆ పరికరాన్ని మామూలు బ్లూటూత్ స్పీకర్ లోపల దాచి అమ్ముతున్నారని బయటపడింది. ఇలాంటి చోట కంపెనీ ఇమ్మొబిలైజర్‌ని దాటినా ఇంకో అడ్డు ఉండాలి. కానీ మీ కారుకి బటన్, రిలే పని చేయించకండి, కంప్యూటర్ తప్పు చూపించి చెక్ ఇంజిన్ లైటు వేస్తుంది. స్టీరింగ్ మీదున్న బటన్లనే వరుసగా నొక్కి పిన్ ఇస్తే స్టార్ట్ అయ్యే ఇమ్మొబిలైజర్లు వస్తున్నాయి, అధీకృత ఫిట్టర్ చేత అది పెట్టించండి.

రెండుచక్రాలు:
అన్నా, మరి బైక్‌కి? దాన్ని ఒక్కడే తోసి లేపేస్తాడు.

పన్నెండు వోల్టులు:
కరెక్ట్, బైక్‌కి సెల్ఫ్ కట్ చేసి లాభం లేదు, కిక్ కూడా ఉంటుంది. ఇగ్నిషన్‌కే పెట్టాలి. నడుస్తుండగా ఆగకూడదు కాబట్టి తనని తానే పట్టుకునే రిలే వాడాలి. తాళం ఆన్ చేసి బటన్ ఒక్కసారి నొక్కితే రిలే పట్టుకుంటుంది, తాళం తీసేదాకా వదలదు. దారిలో బటన్ పాడైనా ఇంజిన్ ఆగదు. రిలే కూడా ఎప్పుడైనా పోవచ్చు, కాబట్టి మంచి కంపెనీది, నీళ్లు చేరనిది వాడండి. అయితే బైక్‌ని ఎత్తి వ్యాన్‌లో వేసుకోవడం ఇద్దరికి నిమిషం పని, దానికి స్విచ్ కంటే గొలుసే ముఖ్యం. కదలని స్తంభానికో భూమిలో పాతిన కొక్కేనికో, ఫ్రేమ్‌లోంచి దూర్చి కట్టండి. ముందు చక్రానికి కడితే చక్రం ఊడదీసి మిగతాది పట్టుకుపోతారు.

లాంగ్‌డ్రైవ్:
ప్రమాదం గురించి చెప్పింది ఒప్పుకుంటా, రోడ్డు మధ్యలో ఆగడం నేను దొంగ వైపు నుంచే ఆలోచించా. కానీ పని తెలిసినవాడు బానెట్ ఎత్తి, సొలినాయిడ్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి సెల్ఫ్ తిప్పేస్తాడు. అప్పుడు నీ బటన్ ఎందుకు?

పన్నెండు వోల్టులు:
నిజమే అన్నా, అది సెల్ఫ్ పద్ధతికి ఉన్న అసలు బలహీనత. అయితే వాడు ముందు లోపలికి వచ్చి ఇగ్నిషన్ డైరెక్ట్ చేయాలి, బానెట్ ఎత్తాలి, సొలినాయిడ్ ఎక్కడుందో వెతకాలి, మళ్లీ వచ్చి స్టీరింగ్ బార్ కోయాలి. ఇంత చేసేవాడికి పంప్‌కి నేరుగా కరెంటు ఇవ్వడం కూడా తెలిసే ఉంటుంది. పాతబండి గారూ, మీ కారు బానెట్ బయట నుంచి గెలికితే తెరుచుకునే రకమైతే, దానికి ఒక లాక్ వేయించుకోండి, బటన్ పని చేయించే రోజే అదీ అయిపోతుంది.