షినేడ్ ఓకానర్‌ను భక్తి గాయని అనవచ్చా?

వీణాతంత్రి:
ఐర్లాండ్ భక్తి సంగీతం ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనవాళ్లు షినేడ్ ఓకానర్‌ను ఒక్క మాటతో పక్కన పెట్టేస్తున్నారు. రాక్ గాయని, టీవీలో పోప్ ఫొటో చింపిన మనిషి, అంతే! ఈ తీర్పు నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

1990లో ప్రిన్స్ అనే అమెరికన్ గాయకుడు రాసిన పాటతో ప్రపంచమంతా విన్న గొంతు అది. ఆ విజయాన్ని పట్టుకునే సాగి ఉంటే ఆమె జీవితం హాయిగా గడిచేదేమో. ఆమె అలా చేయలేదు. 2003లో వచ్చిన ఆల్బంకు బైబిల్ 91వ కీర్తనలోని మాటలనే పేరుగా పెట్టుకుంది. 2007లో ‘థియాలజీ’ అనే ఆల్బం తెచ్చింది. 130వ కీర్తన, బాబిలోను నదుల ఒడ్డున కూర్చుని ఏడ్చినవారి 137వ కీర్తన, యెషయా ప్రవక్త చెప్పిన ద్రాక్షతోట, పరమగీతం, కష్టాల్లో యోబు పెట్టిన మొర, ఈ బైబిల్ భాగాలన్నీ అందులో ఉన్నాయి. ఆ పాటలను రెండు విధాలుగా రికార్డు చేసింది: డబ్లిన్‌లో ఆర్భాటం లేకుండా గిటారుతో, లండన్‌లో పూర్తి వాద్యబృందంతో.

డబ్లిన్ రికార్డులోని 130వ కీర్తన వినండి. మూలంలో అది అగాధంలో పడ్డవాడు దేవుణ్ణి పిలిచే పిలుపు. ఈమె అక్కడితో ఆగదు. నీకు నా వల్ల ఏమైనా సాయం కావాలా అని దేవుణ్ణే అడుగుతుంది. దేవుణ్ణి మతం చెర నుంచి విడిపించాలన్నది ఆమె పదేపదే చెప్పిన మాట. ఇంత చనువుగా దేవుడితో మాట్లాడిన గాయనిని భక్తి సంగీతం లెక్కలోంచి ఎలా తీసేస్తాం?

పాతబాణి:
వీణాతంత్రి గారూ, గొంతు గొప్పదే, కాదనను. కానీ ఐరిష్ గాయని నోరీన్ నీ రియన్‌ను ఆమె పక్కన పెట్టి చూడండి. లిమరిక్ ప్రాంతంలో పుట్టిన ఆవిడ ఐరిష్ భాషలోని పాత మతగీతాలను అధ్యయనం చేశారు, గ్లెన్‌స్టల్ మఠంలోని బెనెడిక్టైన్ అనే కాథలిక్ శాఖ సన్యాసులతో కలిసి రికార్డు చేశారు, దైవశాస్త్రంలో డాక్టరేట్ కూడా సాధించారు. ఏళ్ల తరబడి ఒకే దారిలో నడిచారు. సాధన అంటే నా దృష్టిలో అదే.

షినేడ్ సంగతి చూడండి. 1999లో లూర్దులో రోమ్ అధీనంలో లేని ఒక స్వతంత్ర బిషప్పు ఆమెకు గురుపట్టం, అంటే మతగురువు హోదా, ఇస్తే కాథలిక్ సభ దాన్ని గుర్తించలేదు. 2005లో జమైకాలో రికార్డు చేసిన రెగే (జమైకా సంగీత శైలి) ఆల్బం తెచ్చి, అక్కడే పుట్టిన రస్తఫారీ మతం పాటలు పాడింది. 2018లో ఇస్లాం స్వీకరించి, ఆ తర్వాత షుహదా సదాకత్ అని పేరు మార్చుకుంది. ఎక్కడా నిలవని మనసులోంచి వచ్చిన ఆవేదనను భక్తి అనడానికి నాకు నోరు రాదు. పైగా కోట్లమంది పూజ్యుడిగా చూసే మనిషి బొమ్మను చింపడం ఏ భక్తి లక్షణం?

లిఫీ ఒడ్డు:
డబ్లిన్‌లో ఉంటున్నదాన్ని. ఆ ఫొటో గురించి కొంచెం చెప్పాలి. అది ఎక్కడో కొన్న బొమ్మ కాదు, ఆమె తల్లి గదిలో గోడకు ఉన్నది. ఆ తల్లి చేతిలో షినేడ్ చిన్నప్పుడు పడిన హింస ఆమె ఆత్మకథలో ఉంది. పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో ఆమెను డబ్లిన్‌లోని డ్రమ్‌కాండ్రాలో సన్యాసినులు నడిపే సంస్థలో పెట్టారు. ఏళ్ల క్రితం అక్కడికి చేరి, అక్కడే ముసలివాళ్లైపోయిన స్త్రీలను ఆమె కళ్లారా చూసింది. గిటారు కొనిచ్చింది కూడా అక్కడి సన్యాసినే. అందుకే ఆమె కోపాన్ని మతద్వేషంగా చూడలేను.

1992 అక్టోబర్ 3న అమెరికా టీవీలో రెగే గాయకుడు బాబ్ మార్లే పాటను వాద్యం లేకుండా పాడుతూ, అందులోని మాటలను పిల్లలపై అత్యాచారాల మీదికి మళ్లించి, చివర ఫొటో చింపింది. రెండు వారాలైనా గడవకముందే న్యూయార్క్‌లో గాయకుడు బాబ్ డిలన్ గౌరవార్థం జరిగిన కచేరీలో వేదికెక్కితే జనం గోల చేశారు. గాయకుడు క్రిస్ క్రిస్టోఫర్సన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. అనుకున్న పాట వదిలేసి మళ్లీ ఆ మార్లే పాటే గొంతెత్తి పాడింది. 2009లో ఐర్లాండ్ ప్రభుత్వం వేసిన విచారణల నివేదికలు రెండు, రయన్ నివేదిక, మర్ఫీ నివేదిక వచ్చాయి. చర్చి సంస్థల్లో పిల్లలకు ఏం జరిగిందో, డబ్లిన్ అతిమేత్రాసనం (ఆర్చ్‌బిషప్ పాలనలోని చర్చి విభాగం) ఫిర్యాదులను ఎలా కప్పిపెట్టిందో దేశమంతా చదివింది. ఆమె ఆ మాట చెప్పి అప్పటికి 17 ఏళ్లు.

పాతబాణి:
అమ్మా, ఆమె చెప్పింది నిజమే, ధైర్యమూ ఆమెదే. అది న్యాయం కోసం చేసిన పోరాటం. దానికి దండం పెడతాను. నా అభ్యంతరం భక్తి అనే పేరు దగ్గరే.

గోదారి గట్టు:
అలాగైతే మన రామదాసును ఏమంటారు? గోల్కొండ చెరసాలలో ఉండి నగల లెక్కలు చదివి మరీ రాముణ్ణి నిలదీశాడు. నిందాస్తుతి మనకు భక్తిలో భాగమేగా!

పాతబాణి:
రామదాసు నిలదీసింది తన దేవుణ్ణి. షినేడ్ నిలదీసింది ఒక మతాధిపతిని. రామదాసు చివరిదాకా రాముణ్ణి వదలలేదు. పోలిక నిలవదు.

వీణాతంత్రి:
వదలకపోవడం గురించే నా వాదన కూడా. మీరు మూడు మతాలు లెక్కపెట్టారు, ఆ మూడింటి పాటలూ ఒక్కచోట పెట్టి విన్నారా? 2000లో వచ్చిన ఆల్బంలో కాథలిక్ పూజలోని ‘కిరియే ఎలైసన్’ (ప్రభువా, కరుణించు) ప్రార్థనను రెగే లయలో పాడింది. ‘థియాలజీ’లో బైబిల్ దేవుణ్ణి రస్తఫారీలు పిలిచే ‘జా’ అనే పేరుతో పిలిచింది. ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకున్న మనిషి ఇలా పాడదు. ఇస్లాం స్వీకరించినప్పుడు కూడా, గ్రంథాలన్నీ చదివితే చేరే చోటు ఇదేనని ప్రకటించింది. ఆ మాట సరైనదా కాదా అన్నది వేరే చర్చ. తను మాత్రం దాన్ని అదే నడకకు కొనసాగింపుగా చూసింది.

నోరీన్ గారి సాధన మీద నాకు అపారమైన గౌరవం ఉంది. ఆవిడకు అండగా మఠం ఉంది, గురువులున్నారు, విశ్వవిద్యాలయం ఉంది. షినేడ్‌ను తన సొంత చర్చే బయట నిలబెట్టింది. అయినా బైబిల్లోని దావీదు కీర్తనలను వదిలిపెట్టలేదు. పాతబాణి గారూ, యోబు పాటను డబ్లిన్ రికార్డులో ఒకసారి, లండన్ రికార్డులో ఒకసారి విని రండి. అందులో భక్తి లేదని అప్పటికీ అనిపిస్తే ఎక్కడ లేదో చెప్పండి, ఆ చరణం దగ్గరే మాట్లాడుకుందాం.