ప్రాసెసర్‌కు టవర్ కూలర్ నేనే బిగించుకోవాలి: పాతది తీసే పద్ధతి, పేస్టు, ఫ్యాన్ దిశ చెప్పండి

అనంత_ఎడిటింగ్ (అనంతపురం)

అందరికీ నమస్కారం. పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంటాను. కెమెరా పని మా తమ్ముడిది, ఆ తర్వాతదంతా నాది. నా కంప్యూటర్‌లో రైజెన్ 5 5600, దానితో పాటు పెట్టెలో వచ్చిన చిన్న కూలర్, 32 జీబీ ర్యామ్ ఉన్నాయి. బోర్డు ఏఎం4 రకం, అంటే ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఆ రకానిది. చలికాలమంతా ఏ ఇబ్బందీ పెట్టలేదు.

ఇప్పుడు వైశాఖ ముహూర్తాలూ ఎండలూ కలిసి వచ్చాయి. నేను పని చేసే గది మేడ మీద ఉంది, నెత్తిన నేరుగా స్లాబు. మధ్యాహ్నం మూడింటికి గోడ మీది థర్మామీటర్ 38 చూపిస్తోంది. ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టిన కాసేపటికే ప్రాసెసర్ 90 డిగ్రీలకు చేరి అక్కడే నిలిచిపోతుంది. ఇక అక్కడి నుంచి వేగం తగ్గుతూ పోతుంది. ఫ్యాన్ మోతకు హెడ్‌ఫోన్ పెట్టుకున్నా నాదస్వరం సరిగా వినిపించదు. ధ్వని సరిచేసే పని రాత్రికి వాయిదా వేసుకుంటున్నాను.

డీప్‌కూల్ ఏకే400 టవర్ కూలర్ కొన్నాను. బిగించి ఇవ్వాలంటే క్యాబినెట్ వదిలి వెళ్ళమని షాపువాళ్ళు అంటున్నారు. ముహూర్తాల మధ్య దాన్ని వదిలి ఉండలేను కాబట్టి నేనే బిగించుకుంటాను. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఇంతకుముందు నేనే మార్చుకున్నాను. ప్రాసెసర్ జోలికి వెళ్ళడం మాత్రం ఇదే మొదటిసారి. పాత కూలర్‌ను లాగితే ప్రాసెసర్ కూడా ఊడి వస్తుందని విన్నాను, నిజమేనా? ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసే పేస్టు ఎంత వేయాలి? ఫ్యాన్ ఏ వైపు ఉండాలి? బిగించాక ఎన్ని డిగ్రీలు తగ్గుతుందని ఆశించవచ్చు?

ధర్మవరం_గేమర్

ముందు క్యాబినెట్ వివరాల్లో కూలర్ ఎత్తు ఎంతవరకు పడుతుందో చూసుకోండి. ఏకే400 ఎత్తు 155 మిల్లీమీటర్లు. సన్నని క్యాబినెట్ అయితే పక్క తలుపు మూసుకోదు. నన్నడిగితే మన ఎండలకు గాలి కూలర్ సరిపోదు. డబ్బు తిరిగి ఇస్తామంటే అది ఇచ్చేసి 240 సైజు లిక్విడ్ కూలర్ తీసుకోండి.

కర్నూలు_మరమ్మతు

అమ్మా, తిరిగి ఇవ్వకండి. మీరు కొన్నది మీ పనికి సరైన వస్తువు.

కర్నూలులో కంప్యూటర్లు బాగుచేయడం నా వృత్తి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నా బల్ల మీదికి వచ్చే వాటిలో చాలావాటి జబ్బు వేడే. అందుకే ఈ విషయం గట్టిగా చెబుతాను. గాలి కూలర్ అయినా లిక్విడ్ కూలర్ అయినా చివరికి వేడిని వదిలేది గదిలోని గాలిలోకే. గది కంటే చల్లగా ప్రాసెసర్‌ను ఉంచడం వాటిలో దేనివల్లా కాదు. గదికీ ప్రాసెసర్‌కూ మధ్య ఉన్న తేడాను తగ్గించడం వరకే వాటి పని. మీ 5600 పూర్తి పనిభారం మీద సాకెట్ నుంచి తీసుకునేది 76 వాట్లు. ఆ మాత్రం వేడికి నాలుగు పైపుల టవర్ చాలా ఎక్కువ. ఇందులోకి పంపు, నీటి గొట్టాలు తెచ్చిపెట్టుకోవడం అనవసరం. పంపు ఆగిందంటే ముహూర్తాల మధ్యలో పని మొత్తం ఆగిపోతుంది. టవర్ మీద ఫ్యాన్ ఆగితే ఊళ్ళో ఏ షాపులోనైనా 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ దొరుకుతుంది.

బిగించే ముందూ తర్వాతా ప్రాసెసర్ అంకెతో పాటు గది అంకెను కూడా రాసుకోండి. వీడియోల్లో చూపించే పరీక్షలు 22, 25 డిగ్రీల గదుల్లో చేసినవి. అక్కడ 60 చూపించిన కూలర్ మీ గదిలో 73 చూపిస్తే లోపం బిగింపులో ఉన్నట్టు కాదు. తేడాను తేడాతోనే పోల్చాలి.

పాత కూలర్ గురించి మీరు విన్నది నిజం. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, 1331 పిన్నులు. పక్కనున్న లీవర్ వాటిని లోపల బిగించి పట్టుకుంటుంది గానీ ప్రాసెసర్‌ను పైనుంచి అదిమే చట్రం ఏదీ లేదు. పాత పేస్టు ఎండి గట్టిపడితే దాని పట్టు లీవర్ పట్టును మించిపోతుంది. అప్పుడు నిలువుగా లాగారంటే ప్రాసెసర్ కూలర్‌కు అంటుకుని వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. కాబట్టి పని మొదలుపెట్టే ముందు ఒక పావుగంట ఎక్స్‌పోర్ట్ నడిపి పేస్టును వేడెక్కనివ్వండి. ఆ తర్వాత షట్‌డౌన్ చేసి, ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని కరెంటు పెట్టె) వెనక స్విచ్ ఆపి, కరెంటు తీగ తీసేసి, ఆలస్యం చేయకుండా పనిలోకి దిగండి. లోపల ఏదైనా ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి, ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది. పాత ఫ్యాన్ తీగను బోర్డు నుంచి విడదీయండి. నాలుగు స్క్రూలనూ ఎదురెదురు మూలల వరుసలో కొంచెం కొంచెంగా వదులు చేయండి. స్క్రూలన్నీ వచ్చాక కూలర్‌ను పైకి లేపకుండా రెండు చేతులతో పట్టుకుని ఎడమకూ కుడికీ మెల్లగా తిప్పండి. మొదట బిగుసుకుని ఉంటుంది, తర్వాత జిగటగా జారడం చేతికే తెలుస్తుంది. అలా జారిన తర్వాతే లేపాలి. జారకపోతే బలం చూపకండి. స్క్రూలు తిరిగి బిగించి, ఫ్యాన్ తీగ పెట్టి, మళ్ళీ వేడెక్కించండి.

ఇంకొక సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. మీ పాత కూలర్ స్క్రూలు బోర్డు వెనక ఉన్న లోహపు పలకలోకి నేరుగా బిగిసి ఉంటాయి. నాలుగూ ఊడాయంటే ఆ పలకకు ఆధారం పోయి వెనక జారిపోతుంది. అందుకని క్యాబినెట్ రెండో వైపు తలుపు కూడా ముందే తీసి ఉంచండి. ఏకే400 కాళ్ళు ఆ పలకలోకే బిగుస్తాయి. మీ తమ్ముణ్ణి వెనక నుంచి పలకను అదిమి పట్టుకోమంటే మీరు ఇటువైపు నుంచి నాలుగు కాళ్ళూ నిదానంగా బిగించుకోవచ్చు.

ప్రాసెసర్ మీది పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తని గుడ్డతో తుడవండి. అంచుల్లో మిగిలితే గోటితో గీకకుండా మరోసారి తుడవండి. కొత్త కూలర్ అడుగున ముందే రాసిన పేస్టు ఉంటే అది చాలు, దాని మీద ఇంకొకటి వేయకండి. లేకపోతే ప్రాసెసర్ మీద మూల నుంచి మూలకు సన్నని గీతలతో ఇంటూ గుర్తు పెట్టండి. ఒక్క చుక్క చాలనే మాట మీ ప్రాసెసర్‌కు నేను ఒప్పుకోను. 5600లో వేడి పుట్టే చిప్పు సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకు ఉంటుంది. మధ్యలో వేసిన చుక్క ఆ చివరి దాకా పాకకపోవచ్చు. మందంగా వేస్తే మంచిదని కూడా అనుకోవద్దు. మీటరుకు ఒక డిగ్రీ తేడా మీద వేడిని మోసే శక్తి రాగికి దాదాపు 400 వాట్లు, గాలికి 0.026. మంచి పేస్టుకు కూడా పది దగ్గరే. అంటే గాలి కంటే పేస్టు ఎంతో మేలు, రాగి ముందు ఎందుకూ చాలదు. కడప బండలు పరిచినప్పుడు సందుల్లో మాత్రమే సిమెంటు నింపినట్టు, రెండు లోహాల మధ్య కంటికి కనిపించని గుంటలు పూడ్చడానికే పేస్టు.

కూలర్ అడుగున పారదర్శకమైన రక్షణ పొర అంటించి ఉందేమో వెలుతురులో వంచి చూడండి. దాన్ని తీయకుండా బిగించిన యంత్రాలు నా దగ్గరకు వస్తూనే ఉంటాయి. టవర్‌కు ఫ్యాన్‌ను సన్నని లోహపు క్లిప్పులు పట్టి ఉంచుతాయి, ముందు ఫ్యాన్‌ను విప్పి పక్కన పెడితేనే స్క్రూడ్రైవర్ లోపలికి వెళ్తుంది. టవర్‌ను నిటారుగా దించి, ఒక వైపు స్క్రూ రెండు చుట్లు, అవతలి స్క్రూ రెండు చుట్లు, ఇలా మార్చి మార్చి బిగించండి. ఒక వైపు పూర్తిగా బిగించాక రెండో వైపుకు వెళ్తే ఆ అంచున పేస్టు అంతా బయటికి వచ్చి ఇవతల సందు మిగులుతుంది. స్క్రూ దానంతట అది ఆగిన చోట వదిలేయండి.

ఫ్యాన్ దిశకు గుర్తు సులభం. ఒక ముఖాన రెక్కలు అడ్డం లేకుండా కనిపిస్తాయి, రెండో ముఖాన మోటారును పట్టి ఉంచే కడ్డీలు ఉంటాయి. గాలి కడ్డీల వైపు నుంచి బయటికి వస్తుంది. ఫ్యాన్‌ను ర్యామ్ వైపు పెట్టి, కడ్డీలున్న ముఖం టవర్ రేకులకు ఆనేలా క్లిప్పు తొడగండి. గాలి క్యాబినెట్ ముందు నుంచి వెనక్కి సాగిపోవాలి. తీగను బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని ముద్రించిన నాలుగు పిన్నుల చోటే పెట్టండి.

క్యాబినెట్ వెనక గాలి బయటికి తోసే ఫ్యాన్ ఉందా? లేకపోతే ఈ కూలర్‌తో పాటే అదీ కొనండి. మీ పాత కూలర్ గాలిని కిందికి, బోర్డు మీదికి కొట్టేది. దానివల్ల సాకెట్ చుట్టూ ఉన్న విద్యుత్ భాగాలకు కూడా కాస్త గాలి తగిలేది. టవర్ గాలి అడ్డంగా పోతుంది కాబట్టి ఆ భాగాల దగ్గరి వేడిని బయటికి లాగేది వెనక ఫ్యానే. గోడకూ క్యాబినెట్‌కూ మధ్య జానెడు జాగా వదలండి.

కడప_డీటీపీ

కర్నూలు అన్న చెప్పినదానికి గది సంగతి ఒకటి చేర్చుతాను. ఏడు రోడ్ల కూడలి దగ్గర మాది డీటీపీ సెంటరు. వేసవిలో గదికి నీళ్ళ కూలర్ పెట్టుకుంటాం. మన సీమలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అది బాగానే పని చేస్తుంది. గది ఐదు డిగ్రీలు తగ్గితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే తగ్గుతుంది. అయితే దాని గాలి నేరుగా క్యాబినెట్ మీదికి కొట్టకూడదు. గడ్డి తెరల నుంచి ఎగిరే తుంపరల్లో మన బోరు నీళ్ళ ఉప్పు ఉంటుంది, ఆరిన చోట తెల్లటి మచ్చ మిగులుతుంది. అది బోర్డు మీద పడకూడదు. నీళ్ళ కూలర్ నడుస్తున్నంతసేపూ ఎదుటి కిటికీ తెరిచే ఉంచండి, లేకపోతే గదిలో చెమ్మ పేరుకుని చల్లదనం కూడా ఆగిపోతుంది.

దుమ్ము గురించి అనంతపురం వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. టవర్ రేకుల మధ్య దుమ్ము గాలి లోపలికి వెళ్ళే ముఖానే, ఫ్యాన్ వెనక దాక్కుని చాపలా అల్లుకుంటుంది. పైకి చూస్తే శుభ్రంగానే ఉంటుంది. ఫ్యాన్ క్లిప్పు తీసి చూడాలి. బ్లోయరుతో ఊదేటప్పుడు రెక్కలను వేలితో పట్టుకోండి, గిర్రున తిరగనివ్వకండి.

అనంత_ఎడిటింగ్ (అనంతపురం)

అందరికీ ధన్యవాదాలు. తమ్ముడు వెనక పలక పట్టుకున్నాడు, నేను బిగించాను. పాత కూలర్ జారిన క్షణం కర్నూలు అన్న చెప్పినట్టే చేతికి తెలిసింది. ప్రాసెసర్ సాకెట్‌లోనే ఉంది. క్యాబినెట్ 160 మిల్లీమీటర్ల వరకు పడుతుంది కాబట్టి తలుపు మూసుకుంది. వెనక ఫ్యాన్ ముందే ఉంది.

గది 38 ఉన్నప్పుడే అదే పెళ్ళి ఫైలు ఎక్స్‌పోర్ట్ చేసి చూశాను. 72 దగ్గర నిలిచింది. ఎక్స్‌పోర్ట్ సాగుతున్నా వేగం పడిపోలేదు. మంగళవాద్యాల భాగం పగలే సరిచేసుకుంటున్నాను, ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఒక్క ఇబ్బంది మిగిలింది. బరువైన పని లేనప్పుడు, బ్రౌజర్ తెరిచినా, టైమ్‌లైన్ కాస్త జరిపినా ఫ్యాన్ ఒక్కసారిగా లేచి, రెండు క్షణాల్లో తగ్గిపోతుంది. మళ్ళీ లేస్తుంది. మోత ఎక్కువ కాదు గానీ ఆ హెచ్చుతగ్గులు చెవికి తగులుతున్నాయి. బిగింపులో ఏమైనా తేడా ఉందా?

కర్నూలు_మరమ్మతు

శుభం అమ్మా. గదికీ ప్రాసెసర్‌కూ మధ్య తేడా 34 అంటే బిగింపు చక్కగా ఉంది. దాన్ని మళ్ళీ కదపకండి.

ఫ్యాన్ లేచి పడడం రైజెన్ స్వభావం. చిన్న పని తగిలినా ఒక కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం) ఒక్కసారిగా వేగం పెంచుతుంది, చిప్పు చిన్నది కాబట్టి ఉష్ణోగ్రత కూడా క్షణంలో పది డిగ్రీలు ఎగిరి దిగుతుంది. బోర్డు ఆ అంకె వెంటే ఫ్యాన్‌ను పరుగెత్తిస్తోంది. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే బోర్డు అమరికల తెర) ఫ్యాన్ అమరిక తెరవండి. ఎన్ని డిగ్రీలకు ఎంత వేగమో చూపుతూ తయారీదారు గీసిన గీత చల్లని దేశాల గదులకు సరిపోతుంది. మీ గదిలో ఖాళీగా ఉన్నప్పుడే 50 దాటుతుంది కాబట్టి ఆ గీత మొదటి నుంచే ఎక్కుతూ ఉంటుంది. 65 డిగ్రీల వరకు ఫ్యాన్‌ను 40 శాతం దగ్గర సమంగా ఉంచండి, అక్కడి నుంచి 80 దగ్గర పూర్తి వేగానికి చేరేలా ఎక్కించండి. వేగం మారే ముందు ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పే అమరిక కూడా అక్కడే ఉంటుంది, బోర్డును బట్టి పేరు మారుతుంది. దాన్ని మూడు నుంచి ఐదు సెకన్ల దాకా పెంచండి. క్షణంలో వచ్చిపోయే ఎగుళ్ళను ఫ్యాన్ పట్టించుకోదు.

మే నెల చివర గది 42కు వెళ్తే బయోస్‌లోనే ఎకో మోడ్ ఉంటుంది, 65 వాట్ల తరగతి ప్రాసెసర్‌ను 45 వాట్ల తరగతికి తగ్గిస్తుంది. ఎక్స్‌పోర్ట్ కొంచెం నెమ్మదిస్తుంది, వేడి బాగా తగ్గుతుంది. పెద్ద ఫైళ్ళను తెల్లవారుజామున నడపగలిగితే దాని అవసరం కూడా ఉండదు, స్లాబు చల్లబడేది ఆ వేళకే కదా.

అమరికలు సేవ్ చేసే ముందు ఆ తెరను ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోయిన రోజున అవన్నీ చెరిగిపోతాయి.